చెప్పి వెళ్తే ఏడుస్తోంది, చెప్పకుండా వెళ్లిపొమ్మంటున్నారు

ప్రశ్న:

అమ్మా, మాది గుంటూరు, పట్టాభిపురం. నేను విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసులో వంద మందికి పైనే ఉంటాం. మా పాపకు ఇరవై నెలలు. ఇన్నాళ్లూ మా అత్తయ్యగారే చూసుకున్నారు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది, ప్రస్తుతం తెనాలిలో మా ఆడపడుచు దగ్గర ఉంటున్నారు. మూడు వారాల నుంచి పాపను ఇంటి దగ్గర డే కేర్‌లో వదులుతున్నాను. ఉదయం ఎనిమిదింటికి వదిలితే మళ్లీ తెచ్చుకునేసరికి సాయంత్రం ఏడవుతుంది. గుమ్మంలోకి వెళ్లగానే నా చున్నీ పట్టుకుని వేలాడుతుంది. 'మీరు కనబడకుండా వెళ్లిపోండమ్మా, నేను చూసుకుంటా' అంటుంది అక్కడి ఆయమ్మ. బొమ్మ చూపించి అటు తిప్పగానే నేను మెల్లగా వచ్చేస్తున్నాను. మొదట్లో బాగా ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు మానేసింది, అలవాటు పడిందంటున్నారు. కానీ ఇంట్లో నేను బాత్రూంకి వెళ్లినా తలుపు బాదుతోంది. రాత్రి రెండు మూడు సార్లు లేచి నేనున్నానా అని తడుముకుంటోంది. సాయంత్రం నేను వెళ్తే పరిగెత్తుకు రాకపోగా మొహం తిప్పుకుంటోంది. మా వారు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో పని చేస్తారు, సీజన్ కదా, తీరిక లేదంటారు. 'డబ్బు కోసం పసిదాన్ని అలా వదిలేస్తారా' అని పక్కింటావిడ అన్న మాటకు బస్సులో కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం మానేయాలా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు:

అమ్మా,

ఉద్యోగం మానేయక్కర్లేదు. పాపకు తెలియకుండా వచ్చేయడం మాత్రం రేపటి నుంచే మానేయండి. బాత్రూం తలుపు బాదడం, రాత్రి తడుముకోవడం, సాయంత్రం మొహం తిప్పుకోవడం, ఈ మూడూ చాలావరకు అక్కడి నుంచే వస్తున్నాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో చాలా ఏళ్లు చిన్నపిల్లల బడిలో పని చేశాను. చేరిన కొత్తలో నేనూ మీ ఆయమ్మ లాగే మాట్లాడేదాన్ని. ఒక బాబు ఉండేవాడు, రెండేళ్లు ఇంకా నిండలేదు. వాడి చేతికి రంగు పెన్సిళ్లిచ్చి, వాళ్లమ్మను పెరటి గుమ్మం నుంచి పంపించేశాను. కాసేపటికి తలెత్తాడు. గది చుట్టూ చూశాడు. నా వెనక చూశాడు. బల్ల కిందికి వంగి చూశాడు. ఏడవలేదు. చెప్పులు విడిచే చోటికి వెళ్లి, వాళ్లమ్మ చెప్పులు అక్కడ లేవని చూసి, ఆ ఖాళీ చోటు పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు ఏ ఆటలోనూ కుదురుగా కూర్చోలేదు. ఒక కన్ను బొమ్మ మీద, ఒక కన్ను గుమ్మం మీద. ఆటలో పడితే అమ్మ మాయమవుతుందని వాడికి నేర్పింది నేనే. ఆ మొహం నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ఏ తల్లినీ పెరటి గుమ్మం నుంచి పంపలేదు.

పాప వైపు నుంచి చూడండి. ఏడెనిమిది నెలల దాకా పిల్లలు ఎవరు చేయి చాపినా వెళ్తారు. ఆ తర్వాత కొత్త చేయడం మొదలవుతుంది. అమ్మ కనబడకపోయినా ఎక్కడో ఉందని పిల్లకు అప్పుడే తెలుస్తుంది. ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు, వస్తుందో రాదో అసలే తెలియదు. అందుకే పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఈ బెంగ బాగా ఎక్కువగా ఉండి, రెండు మూడేళ్ల మధ్య మెల్లగా తగ్గుతుంది. మీ పాప సరిగ్గా ఆ మలుపులో ఉంది. అది జబ్బు కాదు, గారాబం చేసి చెడగొట్టడం వల్ల వచ్చిందీ కాదు. పైగా మూడు వారాల క్రితం పాపకు పోయింది ఒక్క అమ్మ ఒడి కాదు. రోజంతా చూసుకున్న నాయనమ్మ కూడా ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. ఆ సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో ఉంది గానీ, పాపకు అది చాలా పెద్దది. వీలైతే ఒక ఆదివారం తెనాలి తీసుకెళ్లి నాయనమ్మను చూపించండి. రోజూ ఒకసారి వీడియో కాల్‌లో ఆవిడ మొహం చూపించండి. కనబడని మనిషి కూడా ఉంటుందని ఆ పిల్లకు తెలియాలి.

మన ఇళ్లలో ఈ వయసు పిల్లలతో దోబూచులాడతాం కదా. కొంగు అడ్డం పెట్టుకుని 'అమ్మ ఏదీ' అంటాం, తీసేసి 'ఇదిగో' అంటాం, పిల్ల కిలకిలా నవ్వుతుంది. పోయిన మొహం మళ్లీ వస్తుందని ఆ ఆటలో పిల్ల వందసార్లు సరిచూసుకుంటుంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఆడండి. తలుపు చాటు నుంచి, మంచం పక్క నుంచి, ఇంకాస్త దూరం నుంచి. బాత్రూంకి వెళ్లేటప్పుడు కూడా చెప్పి వెళ్లి, లోపలి నుంచి మాట్లాడుతూ ఉండండి. ఇరవై నెలల పిల్లకు ఇంతకు మించిన పాఠం ఉండదు.

ఇక ఉదయం సంగతి. గడప దాటేటప్పుడు 'వెళ్తున్నా' అంటే మన పెద్దవాళ్లు ఊరుకోరు, 'వెళ్లొస్తా అనాలి' అని దిద్దుతారు. వాళ్లు శకునం కోసం అన్నా సరే, పసిపిల్లకు చెప్పడానికి అంతకంటే మంచి మాట నాకు తెలియదు. వెళ్లడమూ రావడమూ ఒకే మాటలో ఉన్నాయి. డే కేర్ గుమ్మంలో పాప ఎత్తుకు దిగి కూర్చుని, కళ్లలోకి చూసి చెప్పండి: 'అమ్మ ఆఫీసుకి వెళ్లొస్తుంది. నువ్వు ఆడుకుని, అన్నం తిని, బజ్జుని, లేచి పాలు తాగుతావు. అప్పుడు నాన్న వస్తాడు.' నాన్న ఎందుకన్నానో తర్వాత చెప్తాను. అరచేతిలో ఒక ముద్దు పెట్టి ఆయమ్మ చేతికి అందించండి, నేల మీద దించేసి కాదు. తర్వాత వెళ్లిపోండి. అంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. రోజూ అవే మాటలు, అదే ముద్దు, అదే వరస. ఏడుపు వినబడినా వెనక్కి రావద్దు, కిటికీలోంచి తొంగి చూడొద్దు. మీరు తిరిగి వస్తే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే అమ్మ ఆగుతుందేమోనన్న ఆశ పాపలో మిగిలిపోతుంది, ఆ ఆశతో పిల్ల ఇంకా నలుగుతుంది. అరగంట ఆగి ఆయమ్మకు ఫోన్ చేసి కనుక్కోండి. గుమ్మం దగ్గర గుక్కపెట్టి ఏడ్చిన పిల్లలు చాలామంది పది పదిహేను నిమిషాల్లో ఆటలో పడతారు.

'ఇప్పుడే వస్తా' అని మాత్రం అనకండి. మనందరి నోటా వచ్చే మాటే. కానీ పదకొండు గంటల తర్వాత వచ్చే అమ్మ 'ఇప్పుడే' అంటే ఆ మాటకు విలువ పోతుంది. 'చాక్లెట్ తెస్తా' కూడా వద్దు. గడియారం తెలియని పిల్లకు మన గంటలు అక్కర్లేదు, ఏది అయ్యాక ఏది అవుతుందో చెప్తే చాలు. ఇరవై నెలల పిల్లలు మాట్లాడే మాటలు తక్కువే గానీ అర్థం చేసుకునేవి చాలా ఎక్కువ.

ఒక హెచ్చరిక. చెప్పి వెళ్లడం మొదలుపెట్టాక మొదటి వారం పాప ఇప్పటికంటే ఎక్కువ ఏడుస్తుంది. ఆయమ్మ 'చూశారా, నేను చెప్పలేదా' అనవచ్చు. మీకూ మనసు ఆగదు. తట్టుకోండి. ఆ ఏడుపు మంచిదే అంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ అమ్మకు చెప్పుకుంటే వింటుందన్న నమ్మకం ఉన్న పిల్లే అమ్మ ఎదుట ఏడుస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు సంతోషంగా రాసిన వాక్యమే: 'ఏడుపు మానేసింది, అలవాటు పడింది.' పడి ఉండవచ్చు. కాకపోయి కూడా ఉండవచ్చు. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆస్పత్రుల్లో ఒంటరిగా ఉన్న పసిపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించాడు. ఆ రోజుల్లో అక్కడ తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు, రానిచ్చినా చాలా తక్కువ. పిల్లలు మొదట గోల చేస్తారు, తర్వాత దిగులుగా మూలకు చేరతారు, ఆ తర్వాత అమ్మ వచ్చినా పట్టనట్టు ఉంటారు అని ఆయన చూశాడు. మూలకు చేరిన పిల్లను చూసి నర్సులు 'కుదురుకుంది' అనేవారు. 1952లో ఆయన ఒక రెండేళ్ల పిల్లను ఆస్పత్రిలో సినిమా తీసి చూపించాక పెద్ద చర్చ జరిగింది, తల్లిదండ్రుల్ని రానివ్వాలని 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీ సిఫారసు చేసింది. మీ పాప పరిస్థితి అది కాదు. రోజూ సాయంత్రం మీ ఒడికి చేరుతోంది, ఆ తేడా చాలా పెద్దది. అయినా నెమ్మదిగా ఉంటే చాలు అలవాటు పడినట్టే అనుకోకూడదని ఆయన దగ్గర నేర్చుకున్నాను. కాబట్టి ఆయమ్మను 'ఏడ్చిందా' అని అడగకండి. 'దేంతో ఆడింది? ఎవరి ఒళ్లో కూర్చుంది? ఎన్ని ముద్దలు తింది? ఎంతసేపు పడుకుంది? నవ్విందా?' అని అడగండి. ఆడుతూ, తింటూ, దెబ్బ తగిలితే ఆయమ్మ దగ్గరికి పరిగెడుతుంటే కుదురుకున్నట్టు. నీళ్ల సీసా పట్టుకుని గోడవార కూర్చుంటే ఇంకా కుదురుకోలేదు.

సాయంత్రం మొహం తిప్పుకోవడం గురించి టెన్షన్ పడకండి. 'చెప్పకుండా ఎందుకెళ్లావు' అని అడిగే మాటలు ఆ వయసులో లేవు, అలా అడుగుతోంది. అలిగిన పిల్లను గబుక్కున ఎత్తి ముద్దులతో ముంచెత్తకండి. బ్యాగు పక్కన పెట్టి, ఫోను లోపల పెట్టి, కింద కూర్చుని 'అమ్మ వచ్చేసింది. చెప్పినట్టే వచ్చింది' అనండి. తనంతట తను వచ్చేదాకా ఆగండి. ఇంటికి వెళ్లాక మొదటి అరగంట వంటింట్లోకి వెళ్లొద్దు, ఉదయం కుక్కర్‌లో పెట్టిన పప్పయినా సరే ఆ పూటకు చాలు. నేల మీద పాప పక్కన కూర్చోండి.

మీ వారి గురించి. పదకొండు గంటలు ఇంత చిన్న పిల్లకు చాలా ఎక్కువ, ఎంత మంచి డే కేర్ అయినా. పట్టాభిపురం నుంచి విజయవాడ వెళ్లి వచ్చే బస్సు సమయాన్ని మీరు తగ్గించలేరు, వారధి దగ్గర ట్రాఫిక్ ఆగితే ఏడు కాస్తా ఏడున్నర అవుతుంది. మీ వారు ఉండేది గుంటూరులోనే. మిర్చి సీజన్‌లో పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా వారంలో మూడు రోజులు సాయంత్రం ఐదింటికి ఒక్క అరగంట కొట్టు వదిలి పాపను ఇంటికి తీసుకురాలేరా అని సూటిగా అడగండి. మీరు వచ్చేదాకా చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే, మిగతా పని ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకునే వీలుందేమో ఆయన యజమానిని అడగాలి. సాయంత్రం కుదరకపోతే ఉదయం ఆయనే దింపాలి. చాలామంది పిల్లలు అమ్మను వదిలినంత కష్టంగా నాన్నను వదలరు, ఇంట్లో గడప దగ్గర అమ్మకు వెళ్లొస్తా చెప్పి నాన్న బండెక్కితే సగం బరువు దిగుతుంది. ఎవరు తీసుకొస్తారో ఉదయం పాపకు అదే పేరు చెప్పండి. నాన్న అని చెప్పి వేరే మనిషి రాకూడదు. ఈ ఉత్తరం ఆయనతో చదివించండి.

మూడు రోజులు సెలవు దొరుకుతుందా? దొరికితే ఒక సోమ, మంగళ, బుధవారాలు తీసుకోండి. జర్మనీ శిశు కేంద్రాల్లో వాడే ఒక పద్ధతి ఉంది, 1980లలో బెర్లిన్‌లో తయారైంది. అక్కడ మొదటి మూడు రోజులు తల్లో తండ్రో పిల్లతో పాటు గంటసేపు కేంద్రంలోనే కూర్చుంటారు, వదిలి వెళ్లరు. పిల్ల ఆడుకుంటూ మధ్యమధ్య వచ్చి ఒడిని తాకి వెళ్తుంది. నాలుగో రోజు చెప్పి బయటికి వెళ్తారు, అరగంట దాటకుండా తిరిగి వస్తారు. ఆ నాలుగో రోజు సోమవారం కాకుండా చూస్తారు, ఎందుకంటే రెండు రోజులు ఇంట్లో ఉండి వచ్చిన పిల్లకు సోమవారం బరువు. పిల్లను అక్కడ ఒకే మనిషి చూసుకుంటుంది, ఏడ్చినప్పుడు ఆ మనిషి ఎత్తుకుంటే ఊరుకుంటుందా అన్నదే గుర్తు. ఊరుకుంటే మెల్లగా సమయం పెంచుతారు. మీ పాప ఇప్పటికే చేరిపోయింది గానీ మళ్లీ మొదలుపెట్టడానికి ఆలస్యమేమీ కాలేదు. ఆ మూడు రోజులు డే కేర్ చాప మీద మీరు కూర్చోండి, ఆయమ్మతో మీరు నవ్వుతూ మాట్లాడటం పాప చూడాలి. అమ్మ నమ్మిన మనిషిని పిల్ల నమ్ముతుంది. గురువారం మధ్యాహ్నం దాకా, శుక్రవారం నిద్ర లేచేదాకా, అలా పెంచండి.

లోపలికి తల్లిని రానివ్వం, గేటు దగ్గరే ఇచ్చి వెళ్లండి అంటే మాత్రం నేను వేరే చోటు వెతుక్కోమంటాను. ఒక్కో ఆయమ్మకు ఎంతమంది పిల్లలు, ఆయమ్మలు నెలనెలా మారుతున్నారా, ఏడ్చే పిల్లను ఎత్తుకుంటారా లేక టీవీ ముందు కూర్చోబెడతారా, ఇవి ఒక రోజు చెప్పకుండా వెళ్లి చూసి రండి. 'అల్లరి చేస్తే మీ అమ్మ రాదు' అని ఎవరైనా అంటుంటే అక్కడికక్కడే, కోపం లేకుండా, గట్టిగా వద్దని చెప్పండి. ఆయమ్మ మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. పదిమంది పిల్లల్ని సముదాయించే మనిషి, ఆవిడ మంచికే అలా అంటోంది. దసరాకో ఉగాదికో ఒక చీర పెట్టండి, పాప పడుకునే తీరు, తినే తీరు కూర్చుని చెప్పండి. పాపకు ఇంట్లో చీర ఉయ్యాల అలవాటైతే చాప మీద నిద్ర పట్టదు, అది ఆవిడకు తెలియాలి.

ఆఫీసు సంగతి ఒకటి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అదే చెప్తోంది. మీ ఆఫీసులో వంద మందికి పైనే ఉన్నారన్నారు, కాబట్టి రాతపూర్వకంగా అడగండి. రోజూ ఈ ఎండల్లో పాపను బస్సులో తిప్పమని నేను చెప్పను. కానీ అడిగినప్పుడు ఒక నెల రోజులు త్వరగా బయల్దేరడమో, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేయడమో ఇవ్వవచ్చు.

ఇవన్నీ చేసి నాలుగైదు వారాలైనా పాప తినకపోయినా, లేదా మధ్యలో ఎప్పుడైనా సరే బరువు తగ్గినా, వచ్చిన మాటలు మానేసినా, ఒక మనిషిని చూడగానే వణికినా, ఒంటి మీద కారణం తెలియని దెబ్బలున్నా ఆగకండి, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి, పాపను అక్కడికి పంపడం ఆపండి. జలుబులు మాత్రం తరచూ వస్తాయి, కొత్తగా పదిమందిలోకి వెళ్లిన పిల్లలకు అది మామూలే. జ్వరం వచ్చినప్పుడు, పండక్కి ఊరెళ్లి వచ్చినప్పుడు మళ్లీ మొదటికొచ్చినట్టు ఏడుస్తుంది. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

పక్కింటావిడ మాట మిమ్మల్ని గుచ్చింది కదా. మన జిల్లాలో మిరపకాయ కోతలకు వెళ్లే తల్లులు చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఒక ముసలమ్మను కాపలా పెట్టి సాలులోకి దిగేవారు. వాళ్లను ఎవరూ కాని తల్లులు అనలేదు. పసిపిల్లలు మన దగ్గర ఎప్పుడూ మూడు నాలుగు ఒళ్లలో పెరిగారు. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, పక్కింటి అక్క. మీ ఇంట్లో ఆ ఒళ్లు తగ్గిపోయాయి, అందులో మీ తప్పు లేదు. డే కేర్‌లో పాపకు ఒక ఒడిని వెతికి పెడుతున్నారు మీరు. బస్సులో ఏడవాలనిపిస్తే ఏడవండి, కానీ గుమ్మం దగ్గర వెళ్లొస్తా అన్నప్పుడు మొహం తేటగా ఉంచుకోండి. మీరు భయపడే చోట పాప కూడా భయపడుతుంది.

ఇంకొక పని ఈ ఆదివారమే చేయండి. బాగా కట్టి మెత్తబడ్డ పాత నూలు చీర ఒకటి తీసి, చేతిరుమాలంత ముక్కలు రెండు కత్తిరించి అంచులు కుట్టండి. అంతకంటే పొడవు వద్దు, మెడకు చుట్టుకోకూడదు. రాత్రి మీ దిండు మీద వేసుకుని పడుకోండి. ఒకటి పాప సంచిలో పెట్టి, పడుకునేటప్పుడు చేతికివ్వమని ఆయమ్మకు చెప్పండి. ఉతక్కుండా పంపండి, మీ వాసన పోకూడదు. మరీ మాసి ఉతుక్కి వేసిన రోజున రెండోది పనికొస్తుంది.